పలుకలేని బిడ్డ పలుకు

(వసంత పంచమి సభలో చేసిన ప్రసంగము)





ఈ నాడు వసంత పంచమి. పలకలు పట్టుకొని, కొత్త బట్టలు కట్టుకొని, తల్లుల ఒడులలో కూర్చున్న పసివారితో ఈ మంటపము నిండియున్నది. పళ్లెములోని బియ్యముపై వారి చూపుడు వ్రేలు పట్టి ఓనామాలు దిద్దించు భాగ్యము ఉదయమునుండి మాకు లభించినది. వాగ్దేవతను గురించి నాలుగు మాటలు చెప్పవలెనని ధర్మకర్తలు కోరినారు. ప్రతి సంవత్సరమువలెనే అక్షరమహిమను గురించి చెప్పుదుమని మీరు అనుకొనుచుందురు. ఈసారి అది కాదు. ఈ మంటపమునకు ఈ నాడు రాని పిల్లలను గురించి చెప్పదలచినాము. మాట ఆలస్యముగ వచ్చిన పిల్లలు, అసలు మాటయే రాని పిల్లలు, వచ్చిన మాటను మనవలె వాడలేని పిల్లలు. ప్రత్యేక పాఠశాలలలో చదువుకొనుచున్న పిల్లలు. వారిని గురించి చెప్పుటకు మాకొక కారణము ఉన్నది. అది మా తప్పు. ముందుగా దానినే చెప్పుదుము.

కొన్ని మాసముల క్రిందట ఒక ఆలయములో సాయంకాలము మంగళహారతి జరుగుచుండెను. ఈ మధ్య చాల గుడులలో గంటను, నగారాను, తాళములను కలిపి కరెంటుతో మ్రోగించు యంత్రము పెట్టుచున్నారు గదా! అక్కడను అదే ఉన్నది. మీట నొక్కగనే మంటపమంతయు అదిరినది. వరుసలో తల్లిప్రక్కన నిలిచిన తొమ్మిదేండ్ల బాలుడొకడు రెండు చెవులు మూసుకొని పెద్దగ కేకవేసినాడు. తల్లి దగ్గరకు తీసుకొనబోగా విదిలించుకొని, అరచేతితో తన తలను తానే కొట్టుకొనినాడు. హారతి ఆగలేదు, యంత్రము ఆగలేదు, కేక ఆగలేదు. అందరును వెనుకకు తిరిగి చూచుచుండిరి. ముందు వరుసలో నిలిచిన మేము ఇట్లంటిమి: "పిల్లవాణ్ణి అదుపులో పెట్టుకోలేని వాళ్లు గుడికి ఎందుకు తీసుకురావాలమ్మా? బయటికి తీసుకుపో."

ఆమె మారు మాటాడలేదు. తీర్థము పుచ్చుకొనలేదు. బిడ్డను తీసుకొని వెళ్లిపోయినది.

ఆ ఉదయముననే అదే ఆలయములో మేము గీత పదునేడవ అధ్యాయము చెప్పి యుంటిమి. వాక్కుతో చేయు తపస్సునకు మొదటి లక్షణము ఎదుటివారికి కలత పుట్టించకుండుట అని భగవంతుడు చెప్పినట్లు గంటసేపు వివరించి యుంటిమి. ఉదయము చెప్పినది సాయంకాలమునకు నిలువలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు అర్చకస్వామిని అడిగి ఆ ఇల్లు తెలిసికొని, మేమే వెళ్లితిమి.

ఆమె పీట వేసినది, మజ్జిగ ఇచ్చినది. మేము తప్పు ఒప్పుకొనిన పిమ్మట ఒక మాట అన్నది: "మావాడు అల్లరి చేయలేదు గురువుగారూ. ఆ చప్పుడు ఆపమని అడిగాడు. అడగటానికి వాడి దగ్గరున్న మాట అదొక్కటే."

ఏబది సంవత్సరములుగ వేదము చెప్పుచున్నాము. వాక్కును గురించి ఇంత సూటియైన వ్యాఖ్యానమును మేము వినియుండలేదు.

మాటకు ముందున్న మాట

ఋగ్వేదము మొదటి మండలములో దీర్ఘతమసుడను మహర్షి దర్శించిన ఒక పెద్ద సూక్తము ఉన్నది. ఈ ఋషి పుట్టంధుడని మహాభారతము చెప్పుచున్నది. కన్నులు లేనివాడు ద్రష్ట యైనాడు. అది మొదట గమనింపవలెను. వాక్కు నాలుగు పాళ్లనియు, అందు మూడు గుహలో దాగియున్నవనియు, మనుష్యులు పలుకునది నాలుగవ పాలు మాత్రమే యనియు ఆయన దర్శనము. వైయాకరణులు ఈ నాలుగింటిని నామము, క్రియ, ఉపసర్గ, నిపాతము అని విభజించినారు. మరికొందరు పెద్దలు పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని చెప్పినారు. రెండవ త్రోవ ప్రకారము నాలుకపై వినబడు వైఖరికి ముందే మనస్సులో మధ్యమ యున్నది, దానికి ముందు చూపువంటి పశ్యంతి యున్నది, అన్నిటికిని మూలముగ పరా యున్నది.

ఇప్పుడు ఆలోచింపుడు. వైఖరి లేని బిడ్డకు తక్కిన మూడును లేవని ఎవరు చెప్పగలరు? ఆకలి తెలియును, భయము తెలియును, తల్లి వచ్చినదని తెలియును, నిన్న వెళ్లిన దారి నేడు మారినదని తెలియును. పలుకుటకు నాలుక ఒప్పదు, లేదా ఆ మాట సమయమునకు అందదు. అంతవరకే. వాకిలి మూసియున్నదని ఇంటిలో మనుష్యులు లేరనరాదు గదా!

శంకరవిజయములలో హస్తామలకాచార్యుల కథ మీరెరిగినదే. ఏండ్లు వచ్చినను పలుకని కుమారుని మూఢుడనుకొని తండ్రి శంకర భగవత్పాదుల యెదుటికి తెచ్చినాడు. ఆచార్యులు బాలుని గద్దించలేదు, పలుకుమని పీడించలేదు. నీవెవరవని ఆదరముతో అడిగి, ఉత్తరము వచ్చువరకు నిలిచినారు. అట్లని పలుకని పిల్లలందరును బ్రహ్మజ్ఞానులని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పి తల్లిదండ్రులను మభ్యపెట్టరాదు. అడిగినవారు వినుటకు నిలిచినారు, అదియే ఆ కథలో మనకు పనికివచ్చు పాఠము.

ప్రత్యేక పాఠశాలలో మేము చూచినది

ఆ తల్లి కోరికపై ఆమె కుమారుడు చదువు పాఠశాలకు వెళ్లి, మూడు దినములు ఒక మూల కూర్చుండి చూచినాము. ఒక గదిలో ఎనిమిదిమంది పిల్లలు. కొందరికి ఆటిజము, కొందరికి డౌన్ సిండ్రోము, ఒక బాలికకు సెరిబ్రల్ పాల్సీ. గోడమీద వరుసగ బొమ్మలు: ప్రార్థన, పుస్తకము, మరుగుదొడ్డి, భోజనము, ఆట, ఇల్లు. ఒక పని ముగియగనే పిల్లవాడు లేచి, ఆ బొమ్మను తీసి క్రింది పెట్టెలో వేయును. ఇక ఏమి మిగిలియున్నదో వానికి కనబడును. ఇంటికి ఎప్పుడు పోవుదుమని ఏడ్వవలసిన పని లేదు. చేయి కదల్పలేని ఆ బాలిక ముందు రెండు బొమ్మలు పట్టగా, కావలసినదానివైపు చూపు నిలిపినది. ఉపాధ్యాయిని ఆ చూపును మాటగనే గ్రహించి, "ఓ, నీళ్లు కావాలా!" అని తానొకసారి పలికి, నీళ్లు ఇచ్చినది. గదిలో ఒక మూల చాప, మెత్త, చిన్న తెర. అది శిక్షకు కాదు. మనస్సు కలతపడినవాడు తానై పోయి కూర్చుండుటకు.

మేము చూచుచున్నది కొత్త శాస్త్రమని ముందు అనుకొంటిమి. రెండవనాటికి అది మా పాఠశాల పద్ధతివలెనే కనబడినది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఉచ్చారణ శిక్షకు ఆరు అంగములు చెప్పబడినవి: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. బాల్యమున మా గురువుగారు వీనిని వేదము పలుకుటకై నేర్పినారు. బిడ్డతో పలుకుటకును ఇవియే ఆరు అంగములని ఆ గదిలో మాకు తెలిసివచ్చినది. ఒక్కొక్కటిగ చెప్పుదుము.

ఆరు అంగములు

మొదటిది వర్ణము, అనగా అక్షరము. ఒక వర్ణమునకు బదులు మరొకటి పలుకరాదు. ఇంటిలో ఒకే వస్తువును తల్లి మంచినీళ్లనును, నానమ్మ దాహమనును, అన్న వాటరనును. మనకది సహజము, మాటను కష్టపడి పట్టుకొను బిడ్డకు అవి మూడు వస్తువులు. అందరును ఒకే మాట వాడవలెను. వాక్యము చిన్నదిగ ఉండవలెను. "లేచి ముఖం కడుక్కుని చొక్కా వేసుకుని బడికి పద, ఆలస్యం అవుతోంది" అనిన అందు నాలుగైదు పనులున్నవి. "ముఖం కడుక్కో" అని ఒక్కటి చెప్పి, అది ముగిసిన పిదప రెండవది చెప్పవలెను. "ముందు అన్నం, తరువాత ఉయ్యాల" అని రెండు బొమ్మలు చూపి చెప్పిన ఇంకను మేలు.

రెండవది స్వరము. త్వష్ట కథ పండితులెల్లరును ఎరుగుదురు. ఇంద్రుని చంపగల కుమారునికై యజ్ఞము చేసి, ఒక్క పదమున స్వరము తప్పి పలుకుటచే, ఇంద్రునిచేతనే చచ్చువానిని పొందినాడు. అక్షరము మారలేదు, స్వరము మారినది, ఫలము తారుమారైనది. "రా నాయనా" అను రెండు మాటలు పండ్లు బిగబట్టి పలికిన బిడ్డకు "రా" వినబడదు, కోపము వినబడును. మాటల అర్థము అందనివానికి గొంతు తొందరగ అందును. అందుచేత బిడ్డ గొంతు హెచ్చినకొలది మన గొంతు తగ్గవలెను.

మూడవది మాత్ర. హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు, ప్లుతమునకు మూడు. కాలము తప్పిన మంత్రము చెడును. మేము ప్రశ్న వేసి రెప్పపాటులో ఉత్తరము రాకపోయిన మరల అడుగుదుము, ఇంకొక మాటతో అడుగుదుము, పిదప మేమే చెప్పివేయుదుము. మొదటి ప్రశ్నను మనస్సులో పేర్చుకొనుచున్న బిడ్డకు ప్రతిసారియు పని మొదటినుండి ఆరంభమగును. ఆ ఉపాధ్యాయిని ప్రశ్న అడిగి, బిడ్డను చూచుచు మనస్సులో పది అంకెలు లెక్కించుచుండెను. ఎనిమిదవ అంకెకు ఉత్తరము వచ్చుట మేము కన్నులార చూచితిమి. అంతవరకు మేము ఎంతమంది బాలుర ఉత్తరములను రెండవ అంకెకే త్రుంచివేసితిమో!

నాలుగవది బలము, అనగా పలుకుటలో చూపు ప్రయత్నము. పాణినీయ శిక్షలో ఒక చక్కని ఉపమానమున్నది. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టి తీసికొనిపోవును, జారిపోనీయదు, గ్రుచ్చుకొననీయదు. వర్ణములను అట్లు పలుకవలెనని శాస్త్రము. బిడ్డను పట్టుకొనుట కూడ అట్లే. ఏమి చేసినను సరేయని విడిచిపెట్టుట జారవిడుచుట. చేతులు విరిచిపట్టి కూర్చుండబెట్టుట కోర దించుట. నియమము ఉండవలెను, నొప్పి ఉండరాదు. ఇటునటు ఊగుట, వ్రేళ్లాడించుట వంటి అలవాట్లు ఎవరికిని హాని చేయనప్పుడు మాన్పించుటకు పోరాడరాదు. అవి తరచుగ ఆ బిడ్డ తన్ను తాను నెమ్మదిపరచుకొను సాధనములు. మనము జపమాల త్రిప్పుదుము, అతడు వ్రేళ్లు త్రిప్పును.

ఐదవది సామము, సమత్వము. నిన్న చేసినట్లు నేడు, నేడు చేసినట్లు రేపు. దినచర్య ఒక క్రమములో నడచుట ఈ పిల్లలకు పెద్ద ఊరట. గోడమీది బొమ్మలవరుస అందుకే. పెద్దవారి చిత్తమును సమముగ ఉండవలెను. ఇంటిలో తగవులాడుకొని ముఖము చిట్లించుకొని వచ్చిన ఉపాధ్యాయుని చూచి గదియంతయు కలత చెందును. బిడ్డ శాంతికి మొదటి మందు ప్రక్కనున్న పెద్దవాని శాంతియే.

ఆరవది సంతానము. సంతానమనగా ఇక్కడ సంధి, ఎడతెగని కలయిక. పదము పదముతో కలియుచోట పొరపాటులు ఎక్కువని ప్రతి వేదవిద్యార్థి ఎరుగును. ఈ పిల్లలకును కష్టమైన చోటు అదియే: ఒక పని ముగిసి మరొక పని మొదలగు సంధి. ఆట ఆపి భోజనమునకు రమ్మనినప్పుడు, బడినుండి ఇంటికి, ఇంటినుండి పెండ్లికి పోవునప్పుడు ఎక్కువగ కలతపడుదురు. ముందుగ చెప్పవలెను: "ఇంకా ఐదుసార్లు ఊగి దిగుదాం" అని చెప్పి, ఐదును లెక్కింపవలెను. బడిలో వాడు బొమ్మలను ఇంటిలోను, ఇంటి మాటలను బడిలోను వాడుట కూడ సంతానమే. తల్లియు ఉపాధ్యాయినియు ఒక పుస్తకములో ప్రతిదినము రెండు పంక్తులు వ్రాసుకొనిన ఈ సంధి కుదురును.

కేక వేయునప్పుడు

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను ఒకనాడు కేక రానే వచ్చును. అప్పుడేమి చేయవలెను? ఆ పాఠశాలలో మేము చూచినది, అడిగి తెలిసికొనినది చెప్పుచున్నాము.

ఆ క్షణము ఉపదేశమునకు తగిన సమయము కాదు. మాటలు తగ్గింపవలెను. చుట్టు చేరినవారిని పంపివేయవలెను. శబ్దము, వెలుతురు తగ్గింపవలెను. దెబ్బ తగులు వస్తువులను ప్రక్కకు తీయవలెను. కొంచెము దూరమున, అతని ఎత్తునకు వంగి కూర్చుండి, "నేను ఇక్కడే ఉన్నాను" అని మెల్లగ ఒకసారి చెప్పి ఊరకుండవలెను. తాకుట ఇష్టమైన బిడ్డకు చేయి నొక్కుట హాయి. ఇష్టము లేని బిడ్డకు అది ఇంకొక బాధ. ఎవరికేది హితమో వారి తల్లికి తెలియును. తుపాను తగ్గిన పిదప మంచినీళ్లు, విశ్రాంతి. "ఎందుకు చేశావు?" అను విచారణ ఆ పూటకు వలదు.

తరువాత మూడు సంగతులు వ్రాసుకొనవలెను. కేకకు ముందు ఏమి జరిగినది? కేక ఎట్లున్నది, ఎంతసేపున్నది? తరువాత మనమేమి చేసినాము? రెండు వారములు వ్రాసిన, కారణము కాగితముపై కనబడును. ఒక బాలుడు ప్రతిదినము భోజనమునకు ముందు చేయి కొరుకుకొనుచుండెనట. వ్రాసి చూడగా, వంటగదిలో కుక్కరు ఈల వినబడిన దినములలోనే అట్లు జరుగుచున్నదని తేలినదట. హఠాత్తుగ ప్రవర్తన మారినప్పుడు పంటినొప్పి, చెవినొప్పి, మలబద్ధకము, నిద్రలేమి ఉన్నవేమో వైద్యునిచేత చూపింపవలెను. నొప్పి యున్నదని చెప్పలేని బిడ్డ నొప్పిని నడవడితోనే చెప్పును.

నెమ్మదిగ ఉన్నప్పుడు నేర్పవలసినది వేరు. "చాలు", "వద్దు", "సాయం కావాలి", "నొప్పి", "విశ్రాంతి" అను ఐదింటిని మాటతో గాని, సైగతో గాని, బొమ్మతో గాని చెప్పుట నేర్పవలెను. "చాలు" అను బొమ్మ చేతిలో ఉన్నవానికి కేకతో పని తక్కువ. దూదిని ఊదుట, నీటిబుడగలు ఊదుట వంటి ఆటలతో దీర్ఘముగ శ్వాస విడుచుట నేర్పవచ్చును. కుంభకము పట్టించుట మాత్రము కూడదు, ముఖ్యముగ మూర్ఛవ్యాధి యున్న పిల్లలకు.

బొమ్మలు, సైగలు అలవాటైన మాట రాదేమోనని తల్లులు భయపడుదురు. ఆ భయము వలదు. అవి మాటకు అడ్డు కావని వాగ్వైద్యులు చెప్పుచున్నారు. మా విద్యలోనే చూడుడు: సామగులు వ్రేలి కణుపులపై స్వరములు గుర్తించుకొందురు, శుక్లయజుర్వేదులు చేయి కదల్చుచు పఠింతురు. చేయి సాయపడుటచే వాక్కు తగ్గినదా? చెప్పిన మాటనే తిరిగి చెప్పు పిల్లలను చూచి కొందరు నవ్వుదురు. మేము ఒకసారి చెప్పగా మా శిష్యులు రెండుసార్లు తిరిగి చెప్పుదురు. దానిని సంత అందుము, అర్థము ఏండ్ల తరువాత వచ్చును. దానికి నమస్కరించి దీనికి నవ్వుట న్యాయమా?

పాపమనువారికి

ఇక ఒక కఠినమైన మాట. ఇట్టి బిడ్డ పుట్టుట పూర్వజన్మ పాపమని ఆ తల్లి ముఖముమీదనే అనువారున్నారు. అందులో మావంటి పండితులును ఉన్నారు. కర్మసిద్ధాంతము మన నడవడిని మనము దిద్దుకొనుటకు ఋషులిచ్చిన అద్దము; పరుల బిడ్డలను తూచు త్రాసు కాదు. డౌన్ సిండ్రోము ఇరువది యొకటవ క్రోమోజోము అధికముగ ఉండుటచే వచ్చునని వైద్యులు కనుగొనినారు. పుట్టునప్పుడు ప్రాణవాయువు అందక కొందరికి మెదడు దెబ్బతినును. తల్లి పెంపకములోని లోపముచే ఆటిజము వచ్చునని ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులలోనే కొందరనిన మాట తప్పని తేలిపోయినది.

మహాభారతము అరణ్యపర్వములో అష్టావక్రుని కథ చూడుడు. ఆయన శరీరము ఎనిమిది వంకరలు పోవుటకు కారణము ఆయన పాపమా? గర్భములోనుండి తండ్రి అధ్యయనములోని తప్పు చెప్పినందుకు, శిష్యులముందు పరువు పోయెనని కోపించిన తండ్రి శాపమది. వేదము చదివినవాని కోపము బిడ్డను వంచినది. ఆ బిడ్డయే పండ్రెండవ యేట జనకుని సభకు పోయి, వాదములో గెలిచి, ఆ తండ్రినే తిరిగి తెచ్చినాడు. గుడిలో మేమన్న మాటను తలచినప్పుడెల్ల ఈ కథ గుర్తు వచ్చును. మేము ఏ వైపున నిలిచితిమో మాకు తెలియును.

ఇదే సందర్భములో ఇంకొకటి. ఏదైన మంత్రము జపించిన మాట వచ్చునా యని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. జపము మీ మనస్సునకు ధైర్యమిచ్చును, తప్పక చేయుడు. దానిని చూపి వైద్యము మానరాదు, మూర్ఛమందు ఆపరాదు. మాట ఆలస్యమైన బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయింపవలెను. బిడ్డ ఎంత చిన్నవాడుగ ఉన్నప్పుడు శిక్షణ మొదలైన అంత మేలు. సికిందరాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేడు పేరు మార్చుకొని, ఈ పిల్లలకై పని చేయుచున్నది. రెండు తెలుగు రాష్ట్రములలోను మండలములలో భవిత కేంద్రములున్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజముతో సహా ఇరువది యొక్క వైకల్యములను గుర్తించినది. నలువది శాతము, అంతకు మించిన వైకల్యమున్న బిడ్డకు ఆరేండ్లనుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచితముగ చదువు పొందు హక్కునిచ్చినది. వైకల్య ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడరాదు. అది జాలికాగితము కాదు, హక్కుకాగితము.

విష్ణుశర్మ మార్గము

పంచతంత్రము ఎట్లు పుట్టినదో మీకు తెలియును. మహిలారోప్యమను పట్టణములో అమరశక్తియను రాజునకు ముగ్గురు కుమారులు. శాస్త్రము తలకెక్కలేదు. రాజు దుఃఖించినాడు. ఎనుబదేండ్ల విష్ణుశర్మ వారిని తన ఇంటికి తీసికొనిపోయి, శాస్త్రమును సింహము, ఎద్దు, కాకి, తాబేలు చేసి చెప్పి, ఆరు మాసములలో నేర్పినాడు. పిల్లలు మారలేదు, చెప్పు విధము మారినది. గోడమీద బొమ్మలు పెట్టిన ఆ ఉపాధ్యాయినిని చూచినప్పుడు మాకు విష్ణుశర్మయే కనబడినాడు. ఎనుబదేండ్లవాడు కొత్త పద్ధతి కల్పింపగలిగినప్పుడు, డెబ్బది దాటిన మేము ఒక పద్ధతి నేర్చుకొనలేమా?

అందుచేత మిమ్ము కోరునది ఇది. గుడిలో, పెండ్లిలో, బస్సులో ఒక బిడ్డ కేకవేసిన వెనుదిరిగి తేరి చూడకుడు. దారి ఇండు. "మా వల్ల ఏమైనా సాయం కావాలా అమ్మా?" అని ఒకసారి అడుగుడు, వలదనిన ఊరకుండుడు. మీ ఇంటి పేరంటమునకు ఆ తల్లిని బిడ్డతోనే పిలువుడు. అవ్వలు, తాతలు ఇంటిలోని బిడ్డ వాడు బొమ్మలను, సైగలను నేర్చుకొనుడు. మనుమడు మన భాషకు రాలేనప్పుడు మనమే అతని భాషకు పోవలెను.

ఆ ఆలయములో ఆ తరువాత ఒక మార్పు జరిగినది. వారములో ఒక దినము ఉదయము ఒక గంటసేపు యంత్రపు నగారా ఆపి, చేతిగంట ఒక్కటే మెల్లగ మ్రోగించి హారతి ఇచ్చుటకు అర్చకస్వామియు ధర్మకర్తలును అంగీకరించినారు. గుడి ఫోటోలు, అనగా గోపురము, కాళ్లు కడుగుకొను చోటు, ప్రదక్షిణము, హారతి, తీర్థము, ప్రసాదము, వరుసగ ఒక అట్టపై అంటించి, కావలసిన తల్లిదండ్రులకు ఇచ్చుచున్నారు. ఇంటివద్దనే రెండు మూడు దినములు చూపి తీసికొనివచ్చిన, బిడ్డకు గుడి కొత్తది కాదు.

మేము వెళ్లి వచ్చిన పిమ్మట ఆ తల్లి మరొక సంగతి చెప్పినది. నాటి సంఘటన జరిగిన తరువాత కూడ ఆ బాలుడు తన బొమ్మలలోనుండి గుడి బొమ్మ తీసి ఆమె చేతిలో పెట్టుచునే ఉండెనట. అతనికి గుడి మీద కోపము లేదు; తీసికొనివచ్చుటకు ఆమెకే ధైర్యము చాలలేదు. నగారా ఆపిన మొదటి ఉదయమున వారు వచ్చినారు. బాలుడు స్తంభమునకు ఆనుకొని, చెవులపై చేతులు పెట్టుకొని కొంతసేపు నిలిచినాడు. చేతిగంట మ్రోగినది. ఒక చేయి దించినాడు. ఇంకొంతసేపటికి రెండవ చేయియు దించినాడు. పిదప తన బొమ్మల కట్టలోనుండి ఒకటి తీసి అర్చకస్వామికి ఇచ్చినాడు. అది తీర్థము బొమ్మ. స్వామి మూడు ఉద్ధరిణెల తీర్థము అతని చేతిలో పోసినాడు. నాడు మా మాటవలన తీసికొనకుండ వెళ్లిన తీర్థమును తల్లియు ఆనాడు తీసికొనినది.

ఆ బాలుడు ఒక్క మాటయు పలుకలేదు. అడుగవలసినది అడిగినాడు, పొందవలసినది పొందినాడు. వాగ్దేవత అనుగ్రహమనగా ఇదియే యని మా నమ్మకము.

ఈ సాయంకాలము అక్షరాభ్యాసము మరల జరుగును. మీ వీధిలో ఇట్టి బిడ్డ యున్న తీసికొనిరండు. పళ్లెములో బియ్యము సిద్ధముగ ఉన్నది, బొమ్మలును సిద్ధముగ ఉన్నవి. నగారా మ్రోగదు. పది అంకెలు కాదు, నూరు అంకెలు లెక్కించి యైనను మేము వేచియుందుము.

స్వస్తి.